నీలికాళ్ళ ఈగలు

కొండలకు ఇవతల, ఏటికి అవతల కుందనపురం అనే రాజ్యం ఒకటి ఉండేది. ప్రచండసేన మహారాజు దాన్ని ఏలుతుండేవాడు.

మహారాజు మంచివాడే. అడిగినవాడికి లేదనకుండా ఇచ్చేవాడు, పొరుగు రాజుల జోలికి పోయేవాడు కాదు. ఆయనకు ఉన్నదల్లా ఒకటే పిచ్చి. తన పట్టణమంత శుభ్రమైన పట్టణం భూమ్మీద మరొకటి లేదని ఆయన నమ్మకం. కాదన్నవాడి మీద ఇంతెత్తున లేచేవాడు.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. రాజుగారు ఊరు చూడ్డానికి బయలుదేరుతున్నారంటే ముందురోజే దండోరా పడేది. మహామంత్రి వాచస్పతి పల్లకి వెళ్ళే దారి పొడుగునా కళ్ళాపి చల్లించి, ముగ్గులు పెట్టించి, చెత్తకుప్పలు కనబడకుండా అటూ ఇటూ రంగురంగుల తెరలు కట్టించేవాడు. పల్లకి ముందు సాంబ్రాణి పొగ వేయించేవాడు. రాజుగారు ఆ పొగలోంచి ఆ తెరలను చూసి, "ఆహా, అద్దంలా ఉంది మా ఊరు!" అని మురిసిపోయి తిరిగి వచ్చేవాడు. ఆయన కోటలోకి వెళ్ళగానే తెరలు విప్పి మడత పెట్టి, మళ్ళీ ఊరేగింపు దాకా భద్రంగా దాచేవారు. కుప్పలు మాత్రం ఎక్కడివక్కడే ఉండేవి.

ఆ పట్టణానికి పురశుద్ధి అధికారి ఓబన్న. వీధులు ఊడ్పించడం, మురుగు కాలవలు తీయించడం, బావుల్లో సున్నం వేయించడం అతని ఉద్యోగం. మంత్రిగారి దృష్టిలో మాత్రం తెరలు కట్టించడమే అతని ఉద్యోగం. ఓబన్న పనిమంతుడు, సరదా మనిషి. కానీ నోరు ఊరుకునేది కాదు. మనసులోకి వచ్చిన మాట అక్కడ కాసేపైనా కూర్చోకుండా నాలుక మీదికి వచ్చేసేది.

కోట వెనక గోడను ఆనుకుని అద్దకపు వీధి ఉండేది. బట్టలకు రంగులద్దే వాళ్ళంతా అక్కడే కాపురం. గోడ కింద కొండలా ఒక పెంటకుప్ప, దానికి పల్లంలో ఆ వీధి మొత్తానికీ ఉన్న ఒకే ఒక మంచినీళ్ళ బావి. పోయిన వానాకాలం కుప్ప మీది నీళ్ళు నేరుగా బావిలోకి దిగాయి. వీధికి వీధి వాంతులూ భేదులతో మంచం పట్టింది. రంగుతొట్టి దగ్గర రోజంతా పాడుతూ పనిచేసేవాడు నీలం అద్దే చెంగమ్మ మొగుడు; ఆ వానల్లోనే పోయాడు. ఇంకా చాలామంది పోయారు. ఆ ఏడుపులు ఓబన్న చెవుల్లో అలాగే ఉండిపోయాయి. ఈ ఏడు మళ్ళీ ఆకాశం మూలల్లో మబ్బులు కనబడేసరికి అతనికి అన్నం సయించడం మానేసింది.

కుప్ప ఎత్తించాలంటే మనుషులు కావాలి. మురుగు బావి వైపు పోకుండా కాలవ కట్టించాలంటే రాళ్ళు కావాలి. ఆ రెండూ మంత్రిగారి చేతిలో ఉన్నాయి. ఆయనేమో మనుషులందరినీ, రాళ్ళన్నిటినీ కోట ముందు లేస్తున్న కీర్తితోరణానికి పంపేశాడు. రాజుగారు 'నిర్మలనగర సార్వభౌమ' అనే బిరుదు ధరించబోతున్నారు. ఆ బిరుదును తోరణం మీద చెక్కిస్తారు. ఆ రోజున పెద్ద విందు.

ఓబన్న సభకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహాప్రభో, అద్దకపు వీధిలో పెంట కొండంత అయింది. వానలు పడేలోగా తీయించకపోతే మళ్ళీ ప్రాణాలు పోతాయి. తోరణం పని కొద్దిరోజులు ఆపి, ఆ మనుషుల్ని నాకు ఇప్పించండి."

రాజుగారి మొహం ఎర్రబడింది. "పెంటా? మా పట్టణంలోనా? మొన్ననే కదా మేము ఆ వీధి చూసి వచ్చాము! ఎంత ఇంపుగా ఉందని!"

"ప్రభువులు చూసినవి తెరలు."

"అంటే మా కళ్ళు అబద్ధం చెప్పాయా?"

"కళ్ళు నిజమే చెప్పాయి ప్రభూ. తెరలు బాగున్నాయన్నాయి. నిజంగానే బాగుంటాయి, ఆ వీధి వాళ్ళు అద్దినవే."

సభలో ఎవరో నవ్వబోయి దగ్గారు. మంత్రి వాచస్పతి గబగబా లేచాడు.

"పోనీ ఏదో కాస్త చెత్త ఉందే అనుకుందాం. అది కోట గోడకు అవతల కదా ఓబన్నా! అవతలిది అవతలే ఉంటుంది. దాని ప్రసక్తి ఈ నిండు సభలో ఎందుకు?"

రాజుగారి పక్కన వెండిపళ్ళెంలో మామిడిపండు ముక్కలున్నాయి. ఒక ఈగ ముక్క మీద వాలి తీరిగ్గా కాళ్ళు రుద్దుకుంటోంది. ఓబన్న దానివంకే చూస్తున్నాడు. మాట జారిపోయింది.

"అవతలే ఉండడం లేదు మహామంత్రీ! ఆ పెంట రోజూ కోటలోకి వస్తోంది. సాక్షాత్తూ ప్రభువుల కంచం దాకా వస్తోంది."

రాజుగారు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు.

"మా కంచంలోకా? ఎవడు తెస్తున్నాడు?"

"పేర్లు తెలియవు ప్రభూ. రోజూ వస్తారు, పోతారు. ద్వారపాలకులు ఆపరు."

"సరే! మా బిరుదు విందు నాడు, భోజనం ముగిసేలోగా నువ్వు ఆ మాట రుజువు చెయ్యాలి. చేస్తే నీ కుప్ప ఎత్తిస్తాం. చెయ్యలేకపోయావా, ఉద్యోగం ఊడగొట్టి, గుండు కొట్టించి, ఈ రాజ్యం పొలిమేర దాటిస్తాం. ఆ రోజు నువ్వు మా కళ్ళెదుట కూర్చోవాలి. నీ మనుషుల్లో ఒక్కడూ కోట ఛాయలకు రాకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటున్నాను ప్రభూ" అన్నాడు ఓబన్న. అని, కోట దాటి వీధిలో పడ్డాక నాలుక కరుచుకున్నాడు.

ఈగలు తెస్తున్నాయని తనకు తెలుసు. కానీ చెబితే ఎవరు నమ్ముతారు? కోటలో ఈగలు కోటవి, ఊళ్ళో ఈగలు ఊరివి అనేస్తాడు మంత్రి. ఒక ఈగకూ ఇంకో ఈగకూ తేడా ఎవడు చెప్పగలడు? గుండు కొట్టిస్తే కొట్టించనీ, జుట్టు మళ్ళీ వస్తుంది. కానీ తనను పొలిమేర దాటించాక ఆ బావి సంగతి పట్టించుకునే నాథుడు ఎవడు?

ఓబన్న అలా ఆలోచిస్తూ అద్దకపు వీధికే వచ్చి పడ్డాడు. చెంగమ్మ నీలిమందు తొట్టి పక్కన నిలబడి, దండెం మీది తెల్లబట్టను చూసుకుంటూ తిట్లు లంకించుకుంది. ఆమె చేతులు మోచేతుల దాకా నీలం. పక్కన ఆమె మనవరాలు, అయిదారేళ్ళ పిల్ల, మట్టిబొమ్మకు నీలం రంగుతో రవిక వేస్తోంది.

"ఎవరినమ్మా అంతలేసి మాటలంటున్నావు?" అన్నాడు ఓబన్న.

"ఇంకెవుర్ని సామీ, ఈ ఈగల్నే! మల్లెపువ్వు మాదిరి ఉతికి ఆరేస్తిని. తొట్టి అంచున వాల్తాయి, ఎగిరొచ్చి దీనిమింద నడుస్తాయి. సూడు, ఎట్ల సుక్కలు పెట్నాయో! పాడు ముండలు, నడిచినకాడికల్లా గుర్తు పెట్టిపోతాయి."

ఓబన్న బట్ట దగ్గరికి వెళ్ళి చూశాడు. తెల్లటి బట్ట మీద సన్నటి నీలపు చుక్కలు, వరసగా, ఎవరో సూదిమొనతో పెట్టినట్టున్నాయి.

అదే సమయంలో గోడ పైనుంచి దబ్బుమని ఒక గంపెడు ఎంగిలి విస్తళ్ళు కుప్ప మీద పడ్డాయి. ఈగలు జుమ్మని లేచి మళ్ళీ వాలాయి.

"అదో, దొరగారింట్లో బోజనాలైనట్టుండాయి" అంది చెంగమ్మ మొహం చిట్లించి.

ఓబన్న గోడవంక చూశాడు, కుప్పవంక చూశాడు, బట్టవంక చూశాడు. ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు. పాపం బెంగతో మతి పోయిందేమోనని చెంగమ్మ భయపడింది.

"చెంగమ్మా, తొట్టి అడుగున మిగిలిన నీలిమడ్డి ఏం చేస్తారు?"

"ఏం జేస్తాం సామీ, పారబోస్తాం."

"ఈసారి పారబొయ్యకు. విందు నాడు పొద్దున్నే దాన్ని బెల్లం పానకంలో కలిపి, ఈ విస్తళ్ళ మీద చిక్కగా చల్లించు. వీధిలో ఉన్న మడ్డి అంతా చల్లించు. నేను ఇటు రాను, నా మనుషులెవరూ రారు. నువ్వే చెయ్యాలి."

"ఎందుకు సామీ?"

"రాజుగారి విందుకు మీ వీధి తరఫున చుట్టాలు వెళుతున్నారు. ఉత్త కాళ్ళతో వెళితే ఏం బాగుంటుంది? పారాణి పెట్టి పంపుదాం."

చెంగమ్మకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక నీలం చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం ఓబన్న చూడలేదు. అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

విందు రోజు వచ్చింది. మహామంత్రి వాచస్పతి తెల్లవారుతూనే కోట వాకిట్లో కుర్చీ వేయించుకుని తనే కూర్చున్నాడు. లోపలికి వచ్చే ప్రతివాడినీ ఆపి, చెప్పులు విప్పించి, కాళ్ళు కడిగించి, గోళ్ళు చూసి, మూటలు విప్పి వెతికించాడు. కూరగాయల గంపల్లో వంకాయలు ఒక్కొక్కటీ తుడిపించాడు. వాయిద్యగాళ్ళ డోళ్ళలోకి తల దూర్చి చూశాడు.

పెరుగు తెచ్చిన ముసలామెను కూడా ఆపాడు. "ముంతలో ఏముంది?"

"పెరుగు ముంతలో పెరుగు గాక ఏముంటాది నాయనా?"

"వాసన చూడనీ."

"సూడు. మూతి మాత్రం పెట్టొద్దు."

ఓబన్న వచ్చాడు. అడక్కముందే చేతులు కడుక్కుని చాపాడు, చెవుల వెనక కూడా చూపించాడు. మంత్రి అతన్ని స్వయంగా తీసుకుపోయి రాజుగారికి ఎదురుగా కూర్చోబెట్టి, చెవిలో మెల్లగా, "మంగలి కూడా వచ్చి ఉన్నాడు" అన్నాడు.

ఆనాటి విందంతా తెలుపే. బిరుదుకు తగ్గట్టుగా ఉండాలని మంత్రిగారి ఊహ. తెల్లటి సన్నబియ్యం అన్నం, పాలతాలికలు, కొబ్బరి పచ్చడి, గడ్డపెరుగు. రాజుగారు తెల్లని పట్టుబట్టలు కట్టి వెండికంచం ముందు కూర్చున్నారు. రెండువైపులా తెల్లని చామరాలు వీస్తున్నారు. కవులు బిరుదు మీద పద్యాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

కూరలు అయ్యాయి. పాలతాలికలు అయ్యాయి. ఏమీ జరగలేదు. ఓబన్న కలిపిన ముద్దనే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాడు. చెంగమ్మ మడ్డి చల్లిందా? చల్లితే ఈగలు వాలాయా? వాలిన ఈగలు ఈ దిక్కుకు వస్తాయా? ఈ ఒక్కరోజు వాటికి వేరే ఊళ్ళో పెళ్ళి పిలుపు వచ్చిందా ఏమిటి? వంటశాల వైపు గుమ్మంలోకి ఆశగా చూస్తూ కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఈగల కోసం దేవుడికి దండం పెట్టుకున్నాడు.

రాజుగారు పెరుగన్నం కలుపుకోబోయి ఆగాడు. "ఏమిటిది? పెరుగులో ఆవాలు వేశారా?"

వంటవాడు పరుగెత్తుకొచ్చాడు. "లేదు ప్రభూ!"

"మరి ఈ చుక్కలేమిటి? ఇవి నల్లగా కూడా లేవు. నీలంగా ఉన్నాయి!"

చూస్తుండగానే అన్నం రాశి మీద ఇంకో చుక్కల వరస నడిచి వెళ్ళింది. కొబ్బరి పచ్చడి మీద ఇంకోటి. చామరం వీచేవాడు ఈగలను తోలబోతే చామరమే చుక్కలు చుక్కలైంది. మహామంత్రి కొత్త ఉత్తరీయం అద్దకపు బట్టలా తయారైంది. ఆయన బట్టతల మీద ఈగలు తీరిగ్గా ముగ్గు పెట్టాయి. అది చూసి రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వాచస్పతీ, నీ తల నక్షత్రమండలంలా ఉందయ్యా!"

మంత్రి నవ్వలేదు. రాజుగారి మొహంలోకి చూస్తూ నోరు తెరిచాడు, మూశాడు. వడ్డించేవాళ్ళు తలలు దించుకున్నారు. కవులు పద్యాల ఆకులు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమిటలా చూస్తావు?" అన్నాడు రాజు.

"ప్రభూ... తమ నాసిక మీద... ఒక నీలమణి వెలసింది."

రాజుగారు వెండిచెంబు ఎత్తి అందులో మొహం చూసుకున్నాడు. ముక్కు కొసన గుండ్రంగా నీలపు చుక్క! చెంబు విసిరికొట్టాడు.

"ఏమిటీ అఘాయిత్యం? ఎవరు చేశారు?"

ఓబన్న లేచి చేతులు కట్టుకున్నాడు. "నేను చెప్పిన వాళ్ళే ప్రభూ. రోజూ వచ్చేవాళ్ళే. రోజూ ఇలాగే తమ కంచంలో నడిచి పోతున్నారు. ఈ రోజు కాళ్ళకు పారాణి పెట్టుకుని వచ్చారు కనుక కనబడ్డారు. ఎక్కడినుంచి వచ్చారో చూద్దురు గాని, దయచేయండి."

వంటశాల వెనక మెట్లు ఎక్కి అందరూ కోట గోడ మీదికి వెళ్ళారు. రాజుగారు తొంగి చూశాడు. ఆ వీధిని తెరలు లేకుండా ఆయన చూడ్డం అదే మొదలు. కింద పెంటకుప్ప నీలంగా నిగనిగలాడుతోంది. దాని మీద ఈగలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. కొన్ని లేచి, గోడ దాటి, సరాసరి వంటశాల కిటికీలోకి పోతున్నాయి.

"ఛీ ఛీ! ఎంత మురికి మనుషులు ఈ వీధివాళ్ళు!" అన్నాడు రాజు.

ఇంతలో ఒక పనివాడు గంపతో వచ్చి, రాజుగారిని చూడకుండానే, విస్తళ్ళన్నీ గోడ మీంచి కిందికి గుమ్మరించాడు. వాటిలో వెండిరేకు అద్దిన తాంబూలాలు తళుక్కుమన్నాయి. వెండిరేకు తాంబూలం ఆ రాజ్యంలో రాజుగారి పంక్తిలో తప్ప ఇంకెక్కడా వెయ్యరు.

"ఒరేయ్! ఎక్కడ పోస్తున్నావు?"

పనివాడు గంప దించి చేతులు కట్టుకున్నాడు. "బయట ప్రభూ! ఎప్పుడూ ఇక్కడే కదా పోసేది. గోడ దాటితే మనది కాదని మంత్రిగారు సెలవిచ్చారు."

రాజుగారు మంత్రివంక చూశాడు. మంత్రి తన ఉత్తరీయం మీది చుక్కలను చూసుకోసాగాడు.

గోడ కింద చెంగమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. రాజును చూసి దండం పెట్టింది. "దొరా, అదో ఆ బావి నీళ్ళే మేం తాగేది. వాన పడితే ఇదంతా దాంట్లోకే పోతాది. పోయినేడు నా పెనిమిటి పోయినాడు. ఈ పిల్లనన్నా దక్కించు సామీ."

రాజుగారు బావినీ, పిల్లనూ, కుప్పనూ మార్చి మార్చి చూశాడు. చివరికి వచ్చింది కోపమే.

"ఎవరక్కడ! ఆ ఈగలన్నిటినీ పట్టి శిక్షించండి! వాటిని లోపలికి వదిలిన ద్వారపాలకులను కూడా!"

"ద్వారపాలకుల తప్పు లేదు ప్రభూ" అన్నాడు ఓబన్న. "ఈ ఈగలు తమ విస్తళ్ళలో పుట్టాయి, తమ పాయసం తాగి పెరిగాయి. పుట్టింటికి వచ్చేవాళ్ళను వాకిట్లో ఎవరు ఆపుతారు? ఇక శిక్షంటారా, ఊరు ఎలా ఉందో తమకు చూపించే పని మంత్రిగారిది. ఆయన తెరలు చూపించారు. ఈ ఈగలు మాత్రం తెరలు దాటి, ఊరంతా కాలినడకన తిరిగి, చూసింది చూసినట్టుగా తమ ముక్కు మీద ముద్ర వేసి విన్నవించుకున్నాయి. వీటికంటే నిజాయితీ గల ఉద్యోగులు తమ కొలువులో నాకు కనబడలేదు."

రాజుగారి చెయ్యి అనుకోకుండా ముక్కు మీదికి పోయింది. తుడుచుకుంటే చుక్క ఇంకాస్త పెద్దదై, వేలికి కూడా అంటింది. ఆ వేలివంక చూసుకున్నాడు. మంత్రి తలవంక చూశాడు. ముందు మూతి వంకర తిరిగింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత గోడ అదిరేలా నవ్వడం మొదలుపెట్టాడు. అది చూసి గోడ మీద ఉన్నవాళ్ళూ, కింద ఉన్నవాళ్ళూ అందరూ నవ్వారు. మంగలి కూడా నవ్వాడు.

"నెగ్గావు ఓబన్నా! కుప్ప రేపే లేస్తుంది. అది పందెం. ఇక బహుమానం వేరే ఇస్తాం. ఏం కావాలో కోరుకో!"

"కీర్తితోరణం రాళ్ళు ఇప్పించండి ప్రభూ. మురుగు కాలవకు సరిగ్గా సరిపోతాయి."

మంత్రి కెవ్వుమన్నాడు. రాజుగారు నవ్వు ఆపుకుని, కాస్త చిన్నబోయిన గొంతుతో అడిగాడు. "ఇస్తాం గాని, మా బిరుదు చెక్కిన రాయి ఉందే, దాన్ని కూడా కాలవలో వేస్తావా?"

"ఎంతమాట! దాన్ని దాచి ఉంచుదాం ప్రభూ. వానలు వచ్చి వెళ్ళిపోయాక, ఈ వీధిలో ఈ రోజు ఉన్నవాళ్ళందరూ అప్పటికీ ఉంటే, ఆ రాయి ఈ బావి గట్టున వేయిస్తాను. బిరుదు అప్పటినుంచి తమదే."

రాజుగారు ఈసారి నవ్వలేదు. మెడలో హారం తీసి ఓబన్న మెడలో వేసి, "అలాగే కానీ" అన్నాడు.

మర్నాడే తోరణం దగ్గరి మనుషులందరూ అద్దకపు వీధిలో దిగారు. కుప్ప ఊరి బయటి గోతుల్లోకి పోయింది. రాతి కాలవ బావికి దూరంగా తిరిగి ఏటి దిగువకు చేరింది. బావిలో నీళ్ళు తోడించి సున్నం వేయించారు. కోట విస్తళ్ళు రోజూ గోతుల దాకా వెళ్ళాయో లేదో వెంట నడిచి చూసి వచ్చే పని మహామంత్రి వాచస్పతికి దక్కింది. తెరలన్నీ చింపి వీధి పిల్లలకు లాగూలు, పరికిణీలు కుట్టించారు.

వానలు కుండపోతగా కురిశాయి. ఓబన్న ఆ రోజుల్లో గొడుగు వేసుకుని ఆ వీధిలోనే తిరిగాడు. ఏ ఇంట్లోనైనా మూలుగు వినబడితే ఆగి గుమ్మంలోకి తొంగి చూసేవాడు. ఏడుపు మాత్రం ఎక్కడా వినబడలేదు.

ఎండలు మళ్ళీ కాశాక రాజుగారు మంత్రినీ ఓబన్ననూ వెంటబెట్టుకుని అద్దకపు వీధికి నడిచి వచ్చాడు. పల్లకి లేదు, సాంబ్రాణి లేదు. బావి గట్టున బిరుదు రాయి ఒదిగి కూర్చుని ఉంది. చెంగమ్మ చేద వేసి నీళ్ళు తోడింది, మనవరాలు చెంబు పట్టుకుని వచ్చి అందించింది. రాజుగారు ఆ నీళ్ళు కడుపారా తాగాడు.

తాగి మూతి తుడుచుకుంటుంటే ఒక ఈగ వచ్చి ఆయన చేతి మీద వాలింది. తోలబోయిన మంత్రిని ఆపి, రాజుగారు దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని పరీక్షగా చూశాడు.

"ఓబన్నా, దీని కాళ్ళకు ఏమీ లేదు!" అని చిన్నపిల్లవాడిలా పెద్దగా నవ్వాడు.